డ్రిల్లు బాగానే ఉంది

నా తరవాత స్టోరులో చేరిన అమ్మాయి మొన్న ఫోను చేసింది. షెడ్డులో డ్రిల్లు మిషన్ల బ్యాటరీలు మళ్లీ నీరసించాయట. "మార్పించమంటారా అమ్మా, కొత్త సెట్లు కొనమని చెప్పమంటారా?" అని అడిగింది. మోటారు బాగుంటే బ్యాటరీలే మార్పించు, మార్పిస్తే లోపలి సెల్లులన్నీ ఒకేసారి మార్పించు, ఒకటీ అరా మార్పించి ఖర్చు తగ్గిందని సంబరపడకు అని చెప్పి పెట్టేశాను.

సలహా తప్పు కాదు. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. కానీ ఫోను పక్కన పెట్టాక ఆ నాలుగు ముక్కలూ నేను నేర్చుకున్న వేసవి గుర్తుకొచ్చింది. ఆ వేసవిలో నా లెక్క ఎక్కడా తప్పలేదు. అయినా ఒక మనిషి పడవ ఒడ్డునే ఉండిపోయింది. మీలో కొందరు రేపు ఏదో ఒక స్టోరు తాళాలు చేతిలోకి తీసుకుంటారు కనక, ఓపిక చేసుకుని రాస్తున్నాను.

నేను పనిచేసింది భావనపాడు ఒడ్డున పడవలు బాగుచేసే షెడ్డులో. ఇరవై రెండేళ్లు అని అందరూ అంటారు. మధ్యలో మోకాలి ఆపరేషనుకి ఇంట్లో ఉన్న ఏడు నెలలు తీసేయాలి. ఇల్లు టెక్కలిలో. పొద్దున మొదటి బస్సుకి వెళ్లి సాయంత్రం దొరికిన ఆటోలో వచ్చేదాన్ని. పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ స్టోరమ్మనే.

షెడ్డు ఒక షావుకారుది. ఉద్దానంలో కొబ్బరితోటలున్న కుటుంబం. పెద్ద తుఫానుకి చెట్లన్నీ పడిపోయాక, మిగిలిన డబ్బు తెచ్చి షెడ్డులో పెట్టాడు. మంచివాడే, కాకపోతే కొత్త వస్తువు కనిపిస్తే ఆగలేడు. పని నడిపించేది మేస్త్రీ. కర్ర పని, ఫైబరు పని రెండూ తెలిసినవాడు. కుడి భుజం ఒకసారి పడవ కింద నలిగింది. అప్పటి నుంచి చేత్తో తిప్పే బర్మా అతనికి పనికిరాలేదు. వైరు లేని డ్రిల్లులు వచ్చాకే అతని పని నిలబడింది. షెడ్డులో కరెంటు ఉంది కానీ పెద్ద పడవలు షెడ్డు దాకా రావు. ఒడ్డు మీద, ఇసకలో, అవి ఎక్కడుంటే అక్కడికి మిషను పట్టుకెళ్లాలి. జనరేటరు అద్దెకి తెస్తే ఆ ఖర్చు పడవవాడి మీద పడుతుంది.

మా దగ్గర డ్రిల్లులు మూడు. సరిగ్గా చెప్పాలంటే రెండున్నర. మూడోదానికి ముందు మూతి అరిగిపోయి సన్నని బిట్టు నిలిచేది కాదు. బ్యాటరీలు నాలుగు. నెయిలు పాలిషుతో ఒక్కొక్కదాని మీద కొన్న నెల వేసి ఉంచేదాన్ని. నాకు గోళ్లకి అక్కర్లేదు కదా, సీసా దానికే వాడేదాన్ని.

ఇక్కడొక అలవాటు చెప్పాలి. మా వైపు ఇళ్లలో టార్చిలైటు సెల్లులు మందగిస్తే ఎండలో పెడతారు. సాయంత్రానికి కాస్త వెలుగు వస్తుంది. ఆ రకం సెల్లుకి అది కొంత నిజమే. ఉప్పు ఎండలో తయారవుతుంది, చేప ఎండలో నిలవవుతుంది, జీడిగింజ ఎండలో ఆరుతుంది. ఎండ పడితే ఏదైనా బాగుపడుతుందన్నది ఇక్కడ ఎవరూ నేర్పకుండానే వచ్చే చదువు. డ్రిల్లు బ్యాటరీ మందగించినా మా పనివాళ్లు అదే చేశారు. నేను చూడనప్పుడు షెడ్డు రేకుల మీద వరసగా పెట్టేవాళ్లు.

"ఇది టార్చిలైటు సెల్లు కాదు. వేడికి చచ్చిపోతుంది," అని చెప్పేదాన్ని.

"సర్లే స్టోరమ్మా," అనేవాడు మేస్త్రీ. మర్నాడు మళ్లీ రేకుల మీదే ఉండేవి.

"ఏమయ్యా?"

"రాత్రి మంచు పడినాది. తడి లాగీసుంటాదని."

ఇలా మూడు వేసవులు గడిచాయి. ఏప్రిల్ మధ్యలో రెండు నెలల చేపల వేట నిషేధం మొదలై, పడవలన్నీ ఒడ్డెక్కి, మాకు ఊపిరి సలపని పని వచ్చే సమయానికి, నాలుగు బ్యాటరీలూ కలిపి ఒక పూట కూడా లాగడం లేదు.

షావుకారు సెల్‌ఫోనులో బొమ్మలు చూపించాడు. "ఇగో, కొత్త సెట్టు. రెండు బ్యాటరీలు, ఛార్జరు, పెట్టె. పాతవి పాతసామాన్లవాడికి పారేద్దాం."

"ఈ బ్యాటరీ మన మిషన్లకి పట్టదండి. కంపెనీవాళ్లు బ్యాటరీ తగిలించే చోటు మార్చేశారు. అంటే మూడు మిషన్లూ పారేయాలి. పోయిన శీతాకాలమే వాటి లోపల అరిగే కార్బన్లు మార్పించాను. మోటార్లు బంగారంలా ఉన్నాయి."

"పాత డొక్కులకి ప్రాణం పోస్తానంటావేటమ్మా?"

"ప్రాణం ఉంది. పోయింది తిండి పెట్టే డబ్బా ఒక్కటే."

నవ్వాడు. కొత్త సెట్టు ధరలో మూడో వంతు నా చేతిలో పెట్టి, "ఇందులో అయితే చేయించు. కాకపోతే కొత్తవే," అన్నాడు.

నాలుగు బ్యాటరీలూ సంచిలో వేసుకుని పలాస వెళ్లాను. నౌపడ దాటేదాకా బస్సులో నిలబడే వెళ్లాను, ఆ బరువు కాళ్ల మధ్య పెట్టుకుని. స్టేషను వెనక సందులో, జీడిపప్పు కొట్ల మధ్య, ఇన్వర్టర్లు, కరెంటు స్కూటర్ల బ్యాటరీలు బాగుచేసే కుర్రాడి కొట్టు ఉంది. కుర్రాడంటే నలభై ఏళ్లుంటాయి. ఒక డబ్బా మరలు విప్పి లోపలికి చూసి, నా వంక చూశాడు.

"మేడమ్, వీటిని ఎవరైనా ఉడకబెట్టినారేటి?"

"ఎందుకు?"

"జిగురంతా కరిగి కారిపోనాది, సూడండి. పెనం మీద పెట్టినట్టు."

చెప్పాను. అతను ఒకటే నవ్వు. "మా అమ్మ టీవీ రిమోటు సెల్లులు వడియాల పక్కన ఎండేత్తాది. ఎన్నిసార్లు సెప్పినా వినదు."

ఒక్కో డబ్బాలో పది సెల్లులు. మీటరు పెట్టి అన్నీ చూశాడు. ఒక్కో డబ్బాలో మూడో నాలుగో పూర్తిగా పోయాయి, మిగతావి మూలుగుతున్నాయి.

"పోయినవే మారిస్తే మీ డబ్బుల్లో నాలుగూ అయిపోతాయి మేడమ్. కానీ నేను సెయ్యను. ముసలెద్దు పక్కన కోడెని కడితే బండి ముసలిదాని నడకే నడుస్తాది. కోడె కూడా పాడైపోద్ది."

"అన్నీ మారిస్తే?"

"రెండు డబ్బాలకి సరిపోతాయి. అదీ పవర్‌బ్యాంకుల సెల్లులు కావు, డ్రిల్లుకి గట్టిగా కరెంటు తోసే రకం, విశాఖపట్నం నుంచి తెప్పించాల. నాలుగు నీరసంగా కావాలా, రెండు గట్టిగా కావాలా, మీరు సెప్పండి."

షావుకారుకి ఫోను చేశాను. "నీ ఇష్టమమ్మా. తేడా వస్తే మాత్రం నీ పేరే చెబుతాను," అన్నాడు. రెండు గట్టివి చేయించాను.

వాటిని తెచ్చి బల్ల మీద పెడితే మేస్త్రీ నడుం మీద చేతులేసుకుని చూశాడు.

"నాలుగట్టుకెళ్లి రెండు తెచ్చినారు. దారిలో పుట్టిల్లు గానీ తగిలిందేటి?"

"మిగతా రెండూ శవాలు. అక్కడే వదిలేశాను."

"రెండింటితో ఈ ఒడ్డంతా ఎలగ దున్నుతాను?"

"ఒకటి వాడుతుంటే ఒకటి ఛార్జింగులో ఉంటుంది. ఎండలో పెట్టావంటే మాత్రం నీ బర్మా నీకిచ్చేస్తాను."

ఆ మాట పని చేసింది. పనివాళ్లందరినీ పిలిచి మరీ చెప్పాను. రేకుల మీద మళ్లీ ఒక్క బ్యాటరీ కనిపించలేదు. రెండింటితోనే, నాలుగింటితో కానంత పని నడిచింది. మూడు రోజులు చూసి మేస్త్రీ, "డ్రిల్లు బాగానే ఉంది స్టోరమ్మా," అన్నాడు. అతని నోట అది పెద్ద మాట.

ఇక పడవ సంగతి.

ఆ ఏడాది మేము ఒప్పుకున్న పనుల్లో ఆఖరిది ఒక ఫైబరు పడవ. యజమాని నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. తండ్రి లేడు. తల్లి ఒడ్డునే చేపలు ఎండబెడుతుంది. పడవ వెనక ఇంజను బిగించే పలక కుళ్లిపోయింది. కొత్త మద్ది పలక సోంపేట నుంచి రావలసింది ఆలస్యమైంది. పలకకీ పడవకీ కలిపి పది బెజ్జాలు వేసి, బోల్టులు బిగించి, చుట్టూ రెజిను పోయాలి. ఆ రెజిను గట్టిపడడానికి ఒక రాత్రి కావాలి. జూన్ పద్నాలుగు అర్ధరాత్రితో నిషేధం అయిపోతుంది. అంటే పద్నాలుగో తారీకు చీకటి పడేలోగా బెజ్జాలు పడితేనే పదిహేను తెల్లవారి పడవ నీళ్లలోకి దిగుతుంది.

ఒక రోజు ఆలస్యమైతే ఏం పోయిందని మీరు అడగవచ్చు. నేనూ చేరిన కొత్తలో అడిగాను. ఆ ఒడ్డున ఒక కట్టుబాటు ఉంది. నిషేధం అయ్యాక మొదటి వేటకి కలాసీ, అంటే పడవ మీద పనికెళ్లే మనిషి, ఏ పడవ ఎక్కితే ఆ సీజనంతా ఆ పడవే అతనిది. మధ్యలో మారడు, ఎవరూ మారమని అడగరు. కాబట్టి మొదటి రోజు దిగని పడవకి మనుషులుండరు. ఐదుగురు కలాసీలు లేకపోతే ఆ పడవని నీళ్లలోకి తోయడం కూడా కుదరదు. ఒక రోజు పోతే ఏడాది పోయినట్టే.

పలక చెక్కి కూర్చోబెట్టేసరికే పొద్దెక్కి, పద్నాలుగో తారీకు మధ్యాహ్నానికి నాలుగు బెజ్జాలే పడ్డాయి. మద్ది కర్ర రాయిలాంటిది, ఒక్కో బెజ్జానికి మిషను మూలిగేది. నేను షెడ్డులో రెండు బ్యాటరీలూ నిండుగా ఛార్జి చేసి పంపించాను. మేస్త్రీ వాటిని పడవ నీడలో ఒక చెక్క మీద పెట్టి, భోజనం చేసి కాసేపు నడుం వాల్చాడు. అతనికి ఆ కునుకు లేకపోతే సాయంత్రం భుజం లేవదు.

రెండున్నరకి రెజిను డబ్బాలు పట్టుకుని నేను ఒడ్డుకి వెళ్లాను. మేస్త్రీ లేచి చెక్క మీద వెతుకుతున్నాడు.

"బేటరీలు ఏయి?"

పడవ యజమాని తల్లి చేపల చాప దగ్గర నుంచి పలికింది. "ఇగో ఇక్కడున్నాయి బాబూ. నీడలో తడికి నానిపోతన్నాయని ఎండలో ఎట్టీసినాను. గట్టిగా పన్జేత్తాయి సూడు."

కవళ్ల చేపల వరస చివర, చాప అంచున, రెండు నల్ల డబ్బాలు. జూన్ ఎండ. మేస్త్రీ నా మొహం చూశాడు. నేను ఆమె మొహం చూశాను. పొద్దుటి నుంచి కొడుకు పడవ చుట్టూ తిరుగుతూ, తనవల్ల ఏమవుతుందో అది చేసిన మొహం అది. షెడ్డులో అందరికీ చెప్పాను. ఆవిడ షెడ్డు మనిషి కాదు.

ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఒకటి డ్రిల్లుకి తగిలిస్తే రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. వేడి ఎక్కువైందని లోపలి బోర్డు కరెంటు కట్టేసింది. చల్లారేదాకా ఇక పలకదు.

"నీడలో పెట్టండి, దానంతట అదే చల్లారాలి," అన్నాను.

"ఎంతసేపు?" అన్నాడు మేస్త్రీ.

"సాయంత్రం దాకా పట్టొచ్చు."

"సాయంత్రానికి నాకెందుకమ్మా, దండెయ్యడానికా?"

నేను షావుకారుకి ఫోను చేస్తూ పక్కకి వెళ్లాను. కొత్త డ్రిల్లు టెక్కలిలో దొరుకుతుందేమో, జనరేటరు ఎక్కడైనా ఉందేమో అడిగాను. టెక్కలిలో ఇళ్లలో మేకులకి వాడే చిన్న రకమే ఉందని, మద్దిని అది గీకను కూడా గీకదని ఆయనే చెప్పాడు. జనరేటర్లు ఆ వారమంతా ఐసు వేసేచోట, పెయింటు వేసేచోట తిరుగుతున్నాయి. ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి మేస్త్రీ గోనెసంచి సముద్రంలో ముంచి తెచ్చి ఒక బ్యాటరీకి చుడుతున్నాడు. చేపని చల్లబరిచినట్టు.

"వద్దు," అన్నాను. అప్పటికే తీసి డ్రిల్లుకి తగిలించేశాడు. చిటుక్కుమంది. మాడు వాసన వచ్చింది, కిందనుంచి సన్నగా పొగ. దాన్ని ఊడదీసి దూరంగా విసిరి, ఇసక కప్పాడు.

"ఉప్పునీళ్లు," అన్నాను.

"ఎరుకే," అన్నాడు.

రెండోదాన్ని తీసుకుని నా గుడ్డ సంచిలో వేసి, సంచి ఒళ్లో పెట్టుకుని పడవ నీడలో కూర్చున్నాను. ఎవరు అడిగినా ఇవ్వలేదు.

బర్మా తెచ్చారు. డ్రిల్లు బిట్టులు దానికి పట్టవు. దాని సొంత బిట్టు ఒక్కటే ఉంది, తుప్పుపట్టి. మేస్త్రీ పది చుట్లు తిప్పి భుజం పట్టుకున్నాడు. కలాసీలు వంతులవారీగా తిప్పారు. వాళ్లలో పెద్దవాడు ఆ తల్లికి స్వయానా తమ్ముడి కొడుకు, హాస్యగాడు.

"అత్తా, నీ కోడలికి పెళ్లిలో తాడు కట్టడానికి కూడా బావకి ఇంత సెమట పట్టనేదు," అన్నాడు. అందరూ నవ్వారు.

"నోరు తగ్గించి సెయ్యి తిప్పురా," అందామె.

ఐదో బెజ్జం పడింది. ఆరోదాంట్లో బిట్టు పక్కకి ఒరిగి, సగంలో విరిగింది. విరిగిన ముక్క మద్దిలోనే ఉండిపోయింది. ఎవరి తప్పూ కాదు. ఆ చేతులు తెడ్డు పట్టే చేతులు.

బ్యాటరీని మరోసారి తీసి చూశాను. ఇంకా వెచ్చగానే ఉంది. షెడ్డుకి తీసుకెళ్లి ఛార్జరు మీద పెట్టి చూస్తే ఎర్రదీపం కొట్టుకుంటోంది, పుచ్చుకోనంటోంది. పొద్దు కొబ్బరితోటల వెనక్కి జారింది.

అప్పుడు ఆ తల్లి చాప మీది చేపలు అలాగే వదిలేసి కలాసీల దగ్గరికి వెళ్లింది. నిలబడే అడిగింది.

"ఒక్క రోజు ఆగండ్రా. రేపు మాపటికి అయిపోద్ది. ఎల్లుండి తెల్లారి దింపీవచ్చు."

మేనల్లుడి మొహంలో హాస్యం పోయింది. "అత్తా, రెండు నెల్లు ఇంట్లో కూకున్నాం. రేపటి వేటే వేట. ఇంకో బోటోడు పిలిసినాడు, మాటిచ్చీమంటన్నాడు."

"నీ బావ బోటురా ఇది."

"నాకు తెల్దేటి? బావని నేను ఏనాడైనా ఒగ్గీసినానా?" అని తలొంచుకున్నాడు. "నేనొక్కన్ని ఉండిపోయినా బోటు కదలదు కదత్తా. వీళ్లకి ఏటి సెప్పను?"

మిగతా నలుగురూ సముద్రం వైపు చూస్తున్నారు. పడవ యజమాని వచ్చి తల్లి భుజం మీద చెయ్యేశాడు. "ఆళ్లని అడక్కమ్మా. ఆళ్లకీ ఇళ్లున్నాయి," అన్నాడు. మేనల్లుడితో, "ఎల్లరా బావా. మీ బోటులో ఇంకొకడికి సోటుంటే సెప్పు, నానూ ఒస్తాను," అన్నాడు.

ఆ మాటకి మేనల్లుడు ఏడ్చాడు. యజమాని ఏడవలేదు.

మర్నాడు మొదటి బస్సుకి వెళ్లాను. నేను వెళ్లేసరికి ఒడ్డంతా ఖాళీ. రెండు నెలలుగా పడవల మధ్య తోవ వెతుక్కుని నడిచిన చోట ఇసకే ఇసక. మా పడవ ఒక్కటే నిలబడి ఉంది. రాత్రంతా చల్లారిన రెండో బ్యాటరీని పొద్దున ఛార్జరు మీద పెడితే పచ్చదీపం వెలిగింది, ఏమీ జరగనట్టు. మేస్త్రీ విరిగిన ముక్క పక్కన కొత్త బెజ్జం మొదలుపెట్టి, మిగిలినవన్నీ టీ తాగినంత సేపట్లో వేసేశాడు.

"ఇప్పుడు తొందరేముంది?" అన్నాను.

"ఒప్పుకున్న పని కదా," అన్నాడు. బోల్టులు బిగించి, రెజిను పోసి, అంచులు నున్నగా గీకి, గుడ్డతో తుడిచాడు. అంత శుభ్రంగా ఆ ఏడాది మరే పడవా చేయలేదు.

షావుకారు పదింటికి వచ్చాడు. కోప్పడలేదు, అదే కష్టంగా ఉంది. "కొత్త సెట్లు రెండు ఆర్డరు పెట్టేశానమ్మా. నీ మాట విని చూశాం కదా," అన్నాడు. పలాస కుర్రాడు పని ఎంత బాగా చేశాడో, బ్యాటరీ ఎందుకు పోయిందో చెప్పాను. విన్నాడు. వినడం వేరు, ఆర్డరు వేరు. కొత్తవి రంగుల పెట్టెల్లో వచ్చాయి. మూడు పాత మిషన్లనీ గుడ్డలో చుట్టి నేను అల్మరా పైఅరలో పెట్టాను, స్టోరు పుస్తకంలో రాసి మరీ. కొత్త బ్యాటరీలు వచ్చిన వానాకాలంలోనే ఒకటి రేకుల మీద దొరికింది. అది పెట్టినవాడు కొత్తగా చేరినవాడు, వాడికీ ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి పనివాళ్లకే కాదు, ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్లకి, అన్నం తెచ్చే వాళ్లకి, అందరికీ చెప్పేదాన్ని. వాళ్లు నన్ను చూసి నవ్వుకునేవాళ్లు. ఆ అమ్మాయికి ఫోనులో ఈ ముక్క కూడా చెప్పాల్సింది.

ఆ పదిహేనో తారీకు సాయంత్రం పడవలు తిరిగొచ్చాయి. మొదటి రోజు వేట బాగానే పడిందని దూరం నుంచే తెలిసింది, గోల వినిపిస్తోంది. మేనల్లుడు ఎక్కిన పడవలోనే కలాసీగా వెళ్లిన మా పడవ యజమాని తనకొచ్చిన వాటాలో కొన్ని చేపలు సంచిలో వేసుకుని నేరుగా మా దగ్గరికి వచ్చాడు. మేస్త్రీ సామాను సర్దుకుంటున్నాడు. తల్లి ఇసకలో కూర్చుని ఉంది, పొద్దుటి నుంచీ అక్కడే ఉంది. అతను పడవ వెనక్కి వెళ్లి పలక మీద చెయ్యి వేసి, ఒక్కో బోల్టూ తడిమి చూశాడు.

"బాగా సేసినారు," అన్నాడు. నా వైపు తిరిగాడు. "అమ్మా, ఒకటడుగుతాను. పాతయి బాగుసేయించకుండా షావుకారు సెప్పినట్టు కొత్త మిషన్లే కొనుంటే, నిన్న అయిపోయేదా?"

కొత్త బ్యాటరీ అయినా అదే చాప మీద అదే ఎండలో ఉండేది. అదే వేడికి అలాగే ఆగిపోయేది. ఇది నాకు తెలుసు, మేస్త్రీకి తెలుసు. తల్లి తల ఎత్తలేదు, ఇసకలో వేలితో ఏదో గీస్తోంది.

"అయ్యేది," అన్నాను.

అతను తల ఊపాడు. "అదే అనుకున్నాను."

"అవదురా," అంది తల్లి. తల ఎత్తకుండానే అంది. "ఆవిడ నాకోసం సెప్తంది. ఎండలో ఎట్టినదాన్ని నాను. కొత్తదైతే మరింత జాగర్తగా ఎట్టేదాన్ని."

"తడిగోనె సుట్టినోన్ని నానున్నాను," అన్నాడు మేస్త్రీ, రంపం గుడ్డలో చుడుతూ. "ఒక్కరే అంతా పట్టికెళ్లిపోకండి."

అతను ముగ్గురినీ వరసగా చూశాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తేల్చుకునే ఓపిక కూడా లేనట్టు, చేపల సంచి విప్పి, సగం ఒక ఆకులో వేసి నాకు, మేస్త్రీకి ఇచ్చాడు. మిగతాది తల్లి ఒళ్లో పెట్టాడు.

"సర్లే. రేపు నాలుగ్గంటలకి ఆడి బోటుకెళ్లాల," అన్నాడు. "లెగు. బువ్వెట్టు."

ఆమె లేచి, చీరకంటిన ఇసక దులుపుకుని, కొడుకు ముందు నడిచింది.